ప్రవరుడు త్రోవ తప్పింది ఎక్కడ?

ప్రవరాఖ్యుడు అనే పేరు తెలుగులో ఎప్పుడో సామాన్యనామమైపోయింది. మనుచరిత్రలోని పద్యం ఒక్కటైనా నోటికి రానివాళ్లు కూడా, ఆడవాళ్ల ఎదుట తల వంచుకొని తప్పుకొనే మగవాణ్ణి చూసి ‘వీడొక ప్రవరాఖ్యుడు’ అని నవ్వుతారు. ఒక కావ్యపాత్రకు ఇంతకన్నా ప్రచారం దొరకదు. ఆ ప్రచారం వల్లనే కథ మొత్తం ఒక్క సన్నివేశానికి కుదించుకుపోయింది. హిమాలయం మీద వరూధిని అనే అప్సరస ఒక బ్రాహ్మణుణ్ణి కోరింది, అతడు కాదన్నాడు, ధర్మానికీ కామానికీ జరిగిన పోరులో ధర్మం గెలిచింది. ఈ మూడు ముక్కలతో చాలామందికి మనుచరిత్ర అయిపోతుంది. అయితే అల్లసాని పెద్దన పద్యాలను తొందర లేకుండా, మాట మాటకూ ఆగుతూ చదివితే, వరూధిని ఎదుట ప్రవరుడి మనసులో చెప్పుకోదగిన సంఘర్షణ ఏదీ జరగలేదని తెలుస్తుంది. అతడి సంఘర్షణ అంతకు ముందే, తన ఇంటి అరుగు మీద, ఒక సిద్ధుడి ఎదుట జరిగిపోయింది. అక్కడ అతడు ఓడిపోయాడు కూడా. హిమాలయం మీద నలిగిపోయింది అతడు కాదు, వరూధిని.

ముందుగా కథ నేపథ్యం కొంచెం. 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయల ఆస్థానంలో పెద్దన ఈ ప్రబంధాన్ని ఆరు ఆశ్వాసాలుగా రచించాడు. మూలకథ మార్కండేయపురాణంలోది, ఆ పురాణాన్ని మారన అప్పటికే తెనిగించి ఉన్నాడు. పద్నాలుగురు మనువుల్లో రెండవవాడైన స్వారోచిషుడి పుట్టుక దీని వస్తువు. ఇక్కడొక విచిత్రం గమనించాలి. స్వారోచిషుడికి ప్రవరుడు తాత కాడు, ముత్తాత కాడు, రక్తసంబంధం ఏమాత్రం లేనివాడు. వరూధిని పొందినది ప్రవరుడి రూపం ధరించిన ఒక గంధర్వుణ్ణి. వాళ్లకు పుట్టినవాడు స్వరోచి, స్వరోచి కొడుకు మనువు. అంటే వంశకథలో అసలు ప్రవరుడి పని ‘కాదు’ అని వెళ్లిపోవడం మాత్రమే. పురాణకర్తకు అది ఒక మెట్టు. పెద్దన మాత్రం ఆ మెట్టు మీద కూర్చుండిపోయాడు, మనల్నీ కూర్చోబెట్టాడు.

ప్రబంధాల్లో పాత్రచిత్రణ ఉండదని, ఉన్నదంతా వర్ణనేనని ఒక పాత ఆరోపణ ఉంది. ఆధునిక నవలలో లాగా పాత్ర తన మనసును పేజీల కొద్దీ విప్పి చెప్పుకోదు కాబట్టి ఆ ఆరోపణ నిజమనిపిస్తుంది. కాని ప్రబంధకవి మనసును వేరే చోట దాస్తాడు: ఏ క్రియను ముందు వేశాడు, ఏ మాటను రెండోసారి ఎవరి నోట పలికించాడు, జరిగినదానికి కారణం ఎవరి మీదికి నెట్టించాడు అనే చోట్ల. అక్కడ వెతకనివాడికి అలంకారాలు మాత్రమే కనిపిస్తాయి.

ప్రవరుణ్ణి పరిచయం చేసే పద్యం ‘ఆపురిఁ బాయకుండు’ అని మొదలవుతుంది. అతడి అందం, పాండిత్యం, యజ్ఞదీక్ష, అధ్యాపనం అన్నీ తరువాత వరుసగా వస్తాయి. మొట్టమొదట వచ్చింది మాత్రం, వరణానదీ తీరంలోని అరుణాస్పదపురాన్ని అతడు విడిచి ఉండడు అన్న సంగతి. మన్మథుడిలా చంద్రుడిలా ఉంటాడని చెప్పడానికి ముందే, ఊరు కదలనివాడని చెప్పడమెందుకు? కథ తెలిసినవాడికి జవాబు వెంటనే తడుతుంది: ఈ కథలో అతడు చేసే ఒకే ఒక్క తప్పు ఊరు విడవడం. కవి ఆ తప్పుకు సంబంధించిన మాటనే అతడి సుగుణాల జాబితాకు తలమానికం చేసి పెట్టాడు. దాని తరువాతి ఆటవెలదిలో అతడి చక్కదనం వైరాగ్యం వల్ల కోరి వచ్చిన కాంతలకు అందరానిదైందనీ, పూచిన సంపెంగ ఆడ తుమ్మెదలకు పనికిరానట్టు ఉండిపోయిందనీ అంటాడు. సంపెంగ మీద తుమ్మెద వాలదన్నది కవిసమయం, అంటే కవులు తరతరాలుగా పాటించే ఆనవాయితీ. ఈ పోలికతో ఒక విషయం తేలిపోతుంది. స్త్రీల విషయంలో ప్రవరుడికి పరీక్ష కొత్త కాదు. అది ఊళ్లోనే ఎన్నోసార్లు జరిగి ముగిసింది. సంపెంగ తుమ్మెదతో పోరాడదు, దాని స్వభావమే అంత. కాబట్టి హిమాలయం మీద మరో తుమ్మెద రావడం అతడికి కొత్త సంకటమేమీ కాదు.

మరి ఈ సంపెంగకు బలహీనత ఎక్కడ? దాన్ని చూపించడానికి పెద్దన ఒక సీసపద్యం రాశాడు. తెలుగు కావ్యాల్లో ఒక మనిషి కోరికను ఇంత నిశ్శబ్దంగా బయటపెట్టిన పద్యాలు తక్కువ. తీర్థయాత్రికులు వచ్చారని వింటే ప్రవరుడు ‘ఎదురుగా నేగు దవ్వెంతయైన’. ఏగి, వాళ్ల పాదాలకు మొక్కి ఇంటికి తెస్తాడు. తెచ్చి, ఆతిథ్యం ఇస్తాడు. ఇచ్చి, ఇష్టమైన అన్నంతో తృప్తిపరుస్తాడు. చేసి, వాళ్లు కూర్చున్న చోటికి చేరవస్తాడు. వచ్చి, ఈ భూమి మీద ఉన్న సముద్రాల, కొండల, నదుల, తీర్థాల మహిమలు అడుగుతాడు. అడిగి, అవి ఎన్ని యోజనాల దూరమో తెలుసుకొంటాడు. తెలుసుకొని, ‘పోవలయుఁ జూడ ననుచు నూర్పులు నిగుడ్చు’.

ఒక పాదం చివరి క్రియ తరువాతి పాదానికి మొదలవుతూ పోయే ఈ గొలుసును అలంకారశాస్త్రం ముక్తపదగ్రస్తం అంటుంది. అలంకారం పేరు చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. ఆ గొలుసు పట్టుకొని మనం కూడా మెట్టు తరువాత మెట్టు దిగుతాం. మొదటి మెట్టు అతిథిపూజ, గృహస్థధర్మం. వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. భోజనాలయ్యాక ‘చేరవచ్చు’ అన్న చోట మొదటిసారి అనుమానం పుడుతుంది. తీర్థాల మహిమ అడగడం భక్తి అనుకోవచ్చు. దూరం ఎన్ని యోజనాలని లెక్క కట్టడం భక్తి కాదు, ప్రయాణానికి సిద్ధపడే మనసు. ఆ గొలుసు చివరి కొస నిట్టూర్పు. ధర్మం దగ్గర మొదలైన వరుస ఎక్కడా తెగకుండా కోరిక దగ్గర ఆగింది. రెండింటి మధ్య గీత ఎక్కడ పడిందో పాఠకుడికి కనపడలేదు, బహుశా ప్రవరుడికీ కనపడలేదు. పైగా ఊరు విడువనివాడని మొదట చెప్పిన కవి, ఇక్కడ యాత్రికులకోసం ఎంత దూరమైనా ఎదురు వెళతాడని అంటున్నాడు. కాళ్లు అప్పటికే ఊరి పొలిమేర దాకా వెళ్లి వస్తున్నాయన్నమాట. పద్యం చివర అతణ్ణి ‘తరుణాగ్నిహోత్రి’ అన్నాడు. తరుణుడు, అగ్నిహోత్రి. పడుచుతనం ఒక వైపు, ఏ పూటా ఆరనివ్వకూడని అగ్ని ఒక వైపు, రెండూ ఒకే సమాసంలో కట్టిపడేసి ఉన్నాయి. అతడి సంఘర్షణ ఏమిటని అడిగితే నేను ఈ ఒక్క సమాసాన్ని చూపిస్తాను.

సిద్ధుడు వచ్చి దేశదేశాల వింతలు చెప్పినప్పుడు, ప్రవరుడు మొదట అనుమానిస్తాడు. రెక్కలు కట్టుకొని తిరిగినా ఇవన్నీ చూసి రావడానికి ఏండ్లూ పూండ్లూ పడుతుందే, మీ ముఖం చూస్తే చిన్న వయసు కనిపిస్తోందే అని వినయంగా అడ్డుప్రశ్న వేస్తాడు. అంత వివేకం ఉన్నవాడు, కాళ్లకు పూసుకొంటే కోరిన చోటికి చేర్చే పాదలేపం సంగతి వినగానే దాన్ని పూయించుకొంటాడు. ఆ తరువాతి కందపద్యంలో ‘ఆ మందిడి యతఁ డరిగిన, భూమీసురుఁ డరిగె’ అని రెండు నిష్క్రమణలు వెంటవెంటనే జరిగిపోతాయి. సిద్ధుడు వెళ్లడం, ఇతడు వెళ్లడం, మధ్యలో ఊపిరి పీల్చుకొనేంత ఖాళీ లేదు. తల్లికి చెప్పాడా, భార్యకు చెప్పాడా, శిష్యులకు ఏమైనా అప్పగించాడా అన్న ఊసు లేదు. వెళ్లింది దేనికి? మంచుకొండ శిఖరాల మీది అడవులూ, గుహలూ, సెలయేళ్లూ అని సాగిన దీర్ఘసమాసం ‘నిరీక్షాపేక్షన్’ అన్న మాటతో ముగుస్తుంది. చూడాలన్న కోరిక. ‘తీర్థ’మన్న మాట ఈ పద్యంలో ఎక్కడా లేదు. బయలుదేరే సమయానికి మిగిలింది కంటి ఆకలి. ఇది పాపమని నేననడం లేదు. పెద్దన కూడా అనడు. ఆ కంటితోనే కవి మనకు హిమాలయాన్ని చూపిస్తాడు, మనం మురిసిపోతాం. ప్రవరుడితో పాటు మనమూ ఇల్లు మరచిపోతాం, అదే కవి ఎత్తుగడ.

ఇంకొక చిన్న మాట ఉంది. మధ్యాహ్నమైందని తెలిసి ప్రవరుడు ఇంటికి బయలుదేరబోతూ, ఈ కొండ మహిమను ఎన్నడం బ్రహ్మకైనా సాధ్యమా, ‘కల చోద్యంబులు రేపు గన్గొనియెదంగా కేమి నేఁడేగెదన్’ అనుకొంటాడు. రేపు! ఒక్కసారి చూసి వచ్చేస్తే తీరే ముచ్చట కాదు ఇది. మందు కాళ్లకు ఉన్నదన్న ధీమాతో అతడు అప్పుడే రెండో ప్రయాణం ఖాయం చేసుకొన్నాడు. ఊరు విడువనివాడి జీవితంలో ‘రేపు’ కూడా ఊరు విడవడమే ఉంది. ఆ మాట అనుకొనేసరికే పాదలేపం మంచులో కరిగిపోయింది; అతడికి మాత్రం ఇంకా తెలియదు. కరిగిన మందు దారిని మూసింది, కాని అతణ్ణి ఊళ్లో నిలిపి ఉంచిన పట్టు సడలింది అంతకు ముందే.

మందు పోయిందని తెలిశాక ప్రవరుడు పలికే సీసం చాలామందికి తెలిసినదే. నిమిషం కనపడకపోతే ఊరంతా వెతికే తండ్రి ఎంత అడలుతున్నాడో, సంధ్యవేళల్లో ఇల్లు దాటనివ్వకుండా కాచుకొనే తల్లి ఎంత ఏడుస్తోందో, అనుకూలవతి అయిన ఇల్లాలు ఎంత కుందుతోందో, శిష్యులు ఎంత చింతిస్తున్నారో, అతిథులేమయ్యారో, అగ్నులేమయ్యాయో. ఈ పద్యాన్ని గృహస్థుడి ఆర్తిగా చదవడం అలవాటు, అది తప్పు కూడా కాదు. కాని తండ్రి గురించీ తల్లి గురించీ అతడు ఎంచుకొన్న వివరాలు చూడండి. ఒకరు నిమిషం కనపడకుండా ఉండనివ్వరు, ఒకరు ఇల్లు కదలనివ్వరు. ఆ ప్రేమ నిజమే, ఆ కాపలా కూడా నిజమే. యోజనాలు లెక్క పెట్టుకొంటూ నిట్టూర్చిన యువకుడు ఎలాంటి ఇంట్లోంచి నిట్టూర్చాడో ఇప్పుడు, ఏడుపు మధ్యలో, అతడి నోటి మీదుగానే మనకు తెలుస్తోంది. పద్యం చివర అతడు నేరం ఎవరి మీద మోపాడంటే, ‘దైవంబ కినుక నిట్లు పాఱవైచితె మిన్నులుపడ్డచోట’. దైవం కోపించి తనను ఆకాశం విరిగిపడ్డ చోటికి విసిరేసిందట. విసిరేయలేదు. అతడే వచ్చాడు.

ఈ ‘దైవంబ’ అన్న పిలుపును జ్ఞాపకం పెట్టుకొని ముందుకు నడవాలి. గాలిలో కస్తూరి, కర్పూరం కలిసిన తాంబూలం వాసన వస్తుంది. ఆ గాలి ‘మగువ పొలుపుఁ దెలుపు’ గాలి అని కవి మనతో అన్నాడు. ప్రవరుడికి మాత్రం అది ‘జనాన్విత మిచ్చోట’ని, ఇక్కడ మనుషులున్నారని మాత్రమే తెలిపింది. ఒకే వాసనను కవి ఒకలా చదివాడు, పాత్ర మరోలా చదివింది. సంపెంగ పోలికకు ఇది రుజువు. అప్పుడు వరూధినిని చూసి అతడు అడుగుతాడు:

ఎవ్వతె వీవు భీతహరిణేక్షణ యొంటిఁ జరించె దోట లే
కివ్వనభూమి భూసురుఁడ నేఁ బ్రవరాఖ్యుఁడఁ ద్రోవ తప్పితిన్
గ్రొవ్వున నిన్నగాగ్రమునకుం జనుదెంచి పురంబుఁ జేర నిం
కెవ్విధిఁ గాంతుఁ దెల్పఁ గదవే తెరువెద్ది శుభంబు నీకగున్

నాలుగు పాదాల్లో అతడు చేసిన పనులు ఎన్ని! ఆమె ఎవరో అడిగాడు, తానెవరో చెప్పాడు, వచ్చిన కష్టం చెప్పాడు, దారి అడిగాడు, చివర శుభం పలికాడు. తనను పరిచయం చేసుకోవడంలో కూడా కులం ముందు, పేరు తరువాత. ఎక్కువ మంది చూపు నిలిచేది మొదటి సంబోధన మీద. నా చూపు నిలిచింది మూడో పాదం మొదటి మాట మీద. ‘క్రొవ్వున’. కొవ్వెక్కి ఈ కొండ కొసకు వచ్చానంటున్నాడు. కొద్దిసేపటి కిందట ఏకాంతంలో దైవాన్ని నిందించినవాడు, ఇప్పుడు ముక్కూ మొగం తెలియని ఆడమనిషి ముందు నేరం తనదేనని ఒప్పుకొంటున్నాడు. తనలో తాను అబద్ధమాడి, పరాయివాళ్లతో నిజం చెప్పడం మనుషుల్లో అరుదు కాదు. కాని దాన్ని ఇన్ని కొద్ది మాటల్లో పట్టుకోవడం అరుదు. ‘త్రోవ తప్పితిన్’ అన్న మాటకు రెండర్థాలూ ఇక్కడే కుదురుతాయి. దారి తప్పడం మందు కరిగినప్పుడు జరిగింది. నడత తప్పడం కొవ్వున బయలుదేరినప్పుడు జరిగింది. ఒప్పుకోలు ఇంత సూటిగా వచ్చాక, అతడి లోపలి పోరుకు సంబంధించి చెప్పడానికి ఇంకేమీ మిగలలేదు. ఇక మిగిలింది ఇంటికి వెళ్లడమే.

వరూధిని జవాబు ఇది:

ఇంతలు కన్నులుండఁ దెరు వెవ్వరి వేఁడెదు భూసురేంద్ర యే
కాంతమునందు నున్న జవరాండ్ర నెపంబిడి పల్కరించు లా
గింతియ కాక నీ వెఱుఁగవే మును వచ్చిన త్రోవ చొప్పు నీ
కింత భయంబు లేకడుగ నెల్లిదమైతిమె మాటలేటికిన్

అతడి మాటలన్నిటినీ ఆమె ఒక్కొక్కటిగా పట్టుకొని తిప్పికొట్టింది. అతడు ‘ఒంటి’ అన్నాడు, ఆమె ‘ఏకాంతం’ అన్నది. ఒకే స్థితికి అతడు చూసిన ముఖం ఆపద, ఆమె చూసిన ముఖం అవకాశం. అతడు ఓట లేక, అంటే వెరపు లేక తిరుగుతున్నావని ఆమెను అడిగాడు. ఆమె, భయం లేకుండా అడుగుతున్నది నీవేనన్నది. అసలు ఆ చోట భయపడుతున్నది అతడొక్కడే, కాని అతడి బెదురును ఆమె గడుసుతనంగా చదివింది. అతడు ‘ఎవ్వతె వీవు’ అని ఏకవచనంలో అడిగితే, ‘ఎల్లిదమైతిమె’, మేమంత చులకనైపోయామా అని బహువచనంలో బదులిచ్చింది. ఇక ‘ఇంతలు కన్నులుండ’ అన్న ఎత్తుపొడుపు. అంతంత కళ్లున్నవాడివి దారి ఒకరిని అడగడమెందుకు? ఆమె అతడి కళ్ల అందాన్ని మెచ్చుకొంటోంది, సరసమాడుతోంది. కాని అది తనకు తెలియకుండానే గురి చూసి వేసిన బాణం. ఈ మనిషిని ఇక్కడిదాకా తెచ్చింది ఆ కళ్లే కదా, ఆ నిరీక్షాపేక్షే కదా. ప్రవరుడి తప్పును ఈ కావ్యంలో ఎవరైనా అతడి ముఖం మీద అన్నారంటే అది వరూధినే. తానేమన్నదో ఆమెకు మాత్రం తెలియదు.

ఇక్కడి నుంచి సంభాషణ సాగేకొద్దీ ఒకరి మాటలు ఒకరికి ఎక్కడం తగ్గుతూ పోతుంది. ఆమె రత్నకందరాలూ, గంగ ఇసుకతిన్నెలూ, పొదరిళ్లూ చూపించి, నీ కుటీరానికి ఇవి సరిరావా అని అడుగుతుంది. ఇది ఎంత తెలివైన ఎర అంటే, అతడి అసలు బలహీనతకు, చూడాలన్న ఆశకు, గురిపెట్టినది. మందు కరగకముందు ఇదే మాట ఎవరైనా అని ఉంటే అతడు ‘రేపు’ అని ఉండేవాడు. ఇప్పుడు ఆ ఆశే అతడిలో కాలిపోయింది. ఎర సరైనదే, వేళ దాటిపోయింది. అందుకే ఆమె మరో మెట్టెక్కి ఉపనిషత్తును పట్టుకొంది. మనసు ఎక్కడ ఏకాగ్రమై, కుండలోని దీపంలా కదలకుండా సుఖిస్తుందో ఆ సుఖమే పరబ్రహ్మమని, ‘ఆనందో బ్రహ్మ’ అన్న పాత చదువుకు అర్థం అదేనని వాదించింది. తైత్తిరీయంలోని మాటను ఇంత ధైర్యంగా మలిచిన అప్సరసను తేలిగ్గా తీసిపారేయలేం. ప్రవరుడు కూడా తీసిపారేయలేదు. ఇంత పాండిత్యం నీకు తప్ప ఎక్కడా చూడలేదు, కామశాస్త్రోపాధ్యాయినిలా మాట్లాడుతున్నావని వెటకారమాడాడు. ‘ఇఁక నేలా తర్కముల్’ అని తెంచేశాడు. ఆమె తన మొదటి జవాబును ‘మాటలేటికిన్’ అని ముగించిందని గుర్తుంటే, మాటలెందుకన్న ఇద్దరూ ఇన్ని పద్యాలు మాట్లాడుకొన్నారన్న హాస్యం తెలుస్తుంది.

వాదం ఓడాక ఆమె అతణ్ణి కౌగిలించబోతుంది, అతడు ‘హా శ్రీహరీ’ అంటూ మొగం తిప్పుకొని, భుజాలు పట్టి తోసేస్తాడు. ఆ పద్యానికి చివర కవి ఒక సూక్తి తగిలించాడు: సతుల మాయలు ధీరుల చిత్తాలను కలచగలవా అని. చాలామంది పాఠకులు ఇక్కడ ఆగి, కావ్యం తీర్పు ఇదేననుకొంటారు. పెద్దన ఆగలేదు. తరువాతి పద్యం తోయబడినదాని వైపు నుంచి నడుస్తుంది: ‘పాటున కింతు లోర్తురె కృపారహితాత్మక నీవు త్రోవ నిచ్చోట భవన్నఖాంకురము సోఁకెఁ గనుంగొను’. ఆడవాళ్లు దెబ్బకు ఓర్చుకోగలరా, దయలేనివాడా, నీవు తోస్తే ఇక్కడ నీ గోరు గుచ్చుకొంది, చూడు. అలా చూపి, ‘వేదన నెపంబిడి’ ఏడ్చింది.

రెండు మాటలను చూడాలి ఇక్కడ. మొదటిది ‘నెపం’. తొలి జవాబులో, దారి అడగడం నెపం, పలకరించడమే నీ పని అని ఆమె అతణ్ణి నిందించింది. అతడికి నెపమేమీ లేదు, నిజంగానే దారి కావాలి. ఇప్పుడు నెపం ఆమెకే అవసరమైంది. గోటి గాయం చిన్నది. దాన్ని సాకుగా పెట్టుకొని ఏడవవలసినంత పెద్ద గాయం వేరే చోట తగిలింది. రెండోది ‘త్రోవ’. అతడు వచ్చింది మొదలు త్రోవ అడుగుతున్నాడు. చివరికి ఆమెకు అతడు ఇచ్చిన త్రోవ ఇది, తోయడం. ఒకే అక్షరాల కూర్పు, దారి అన్న నామంగా మొదలై, తోసినప్పుడు అన్న క్రియగా ముగిసింది. ఇది కవి కావాలని చేసిందా అని అడగవచ్చు. కావాలని చేసినా చేయకపోయినా, రెండు పద్యాలనూ పక్కపక్కన పెట్టుకొన్నవాడి చెవికి అది వినపడక మానదు.

ఇంటికి చేర్చమని అగ్నిని వేడుకొంటూ ప్రవరుడు చేసిన ప్రమాణాన్ని కూడా ఒకసారి తరచి చూడాలి. దానజపాగ్నిహోత్రాలకు కట్టుబడినవాణ్ణయితే, నీ పాదధ్యానంలో ఉన్నవాణ్ణయితే, పరదారను పరధనాన్ని కోరనివాణ్ణయితే, సూర్యుడు పడమటి కడలిలో కుంకకముందే నన్ను ఇంట్లో నిలుపు అంటాడు. ప్రతి మాటా నిజమే. అగ్ని ఒప్పుకొని అతడి ఒంట్లో ప్రవేశించాడు కూడా. కాని ఈ పట్టికలో ఒక కోరిక ప్రస్తావన లేదు. పరదారను కోరలేదు, ధనాన్ని కోరలేదు సరే, పరదేశాన్ని కోరాడు కదా! ఆ సంగతి వరూధిని ముందు ‘క్రొవ్వున’ అని చెప్పుకొన్నాడు గాని, అగ్ని ముందు ఎత్తలేదు. ప్రవరుణ్ణి నేను ఇక్కడ తప్పుపట్టడం లేదు. కోరని వాటి మీదనే ఒట్టు పెట్టుకోవాలని అతడికి తెలుసు, అంతే. సంధ్య దాటకుండా ఇంటికి చేర్చమనడంలో కూడా, సంధ్యవేళ ఇల్లు కదలనివ్వని తల్లి నీడ ఉంది. కొడుకు తిరిగి కాపలాలోకి వెళ్లిపోయాడు. కావ్యం అతణ్ణి అక్కడ విడిచిపెట్టేస్తుంది.

విడిచిపెట్టనిది వరూధినిని. ప్రవరుడు కనబడడానికి ముందే, తనను కోరి వచ్చిన ఒక గంధర్వుణ్ణి ఆమె కాదన్నదని తరువాత తెలుస్తుంది. కాదనడం ఆమెకూ చేతనైన పనే. అలాంటిది, ‘ఎక్కడివాఁడొ’ అని మొదలయ్యే పద్యంలో, వీడు నన్ను స్వీకరిస్తే మన్మథుణ్ణే బంటుగా ఏలుకోవచ్చునే అనుకొనే గర్వం నుంచి, గోటి గాయం చూపించి ఏడ్చే దైన్యం దాకా, కొద్ది ఘడియల్లో దిగివచ్చింది. మానానికీ కోరికకూ మధ్య పోరు అంటే ఇది. అలంకారికులు ఏకపక్షమైన ప్రేమను శృంగారం అనడానికి ఒప్పుకోరు, రసాభాసం అంటారు. ఆ లెక్కన వరూధినిది రసాభాసమే. కాని శాస్త్రం ఒక తరగతిలో పెట్టిన బాధకు పెద్దన ఎన్ని పద్యాలు కేటాయించాడో చూస్తే, అతడి మనసు ఎటు మొగ్గిందో తెలుస్తుంది. ప్రవరుడు వెళ్లిపోయాక వెన్నెలా, చంద్రుడూ, మన్మథుడూ అందరూ వచ్చి ఆమెనే వేధిస్తారు. అరుణాస్పదపురంలో ఆ రాత్రి ఏమైందన్నది కవికి అక్కరలేదు. ఊళ్లో ఉన్నప్పుడు నిట్టూర్పు ప్రవరుడిది. ఇప్పుడది ఆమెకు సంక్రమించింది. అందని చోటు కోసం అతడు నిట్టూర్చాడు, అందని మనిషి కోసం ఈమె. కథలో కోరిక ఆరలేదు, చేతులు మారింది.

అదను చూసుకొని, ఒకప్పుడు కాదనిపించుకొన్న గంధర్వుడు ప్రవరుడి రూపంతో వచ్చాడు. ఆమె అతడే ఇతడనుకొంది. నిజంగా గుర్తుపట్టలేకపోయిందా, గుర్తుపట్టడం ఇష్టం లేకపోయిందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. ఇంటికి పోతానని ఒంటికాలి మీద నిలిచిన మనిషి తిరిగి ఎందుకు వచ్చాడని గట్టిగా అడిగితే అబద్ధం బయటపడేదే. ‘నీ వెఱుఁగవే మును వచ్చిన త్రోవ’ అని ఒకనాడు నిలదీసిన నోరు, ఈసారి వచ్చినవాణ్ణి ఏ త్రోవన వచ్చావని నిలదీయలేదు.

మార్కండేయపురాణంలో ఆ గంధర్వుడు ఆమెకు ఒక షరతు పెడతాడు. కలిసి ఉన్న వేళ నన్ను చూడకూడదు, కళ్లు మూసుకోవాలి అని. ఆమె ఒప్పుకొంటుంది. మూసిన కళ్ల వెనక ఆమె తలచుకొన్నది, అగ్ని ప్రవేశించినప్పటి వెలుగుతో నిలిచిన ప్రవరుడి రూపం. ఆ తలపు వల్లనే పుట్టిన బిడ్డకు అంత తేజస్సు వచ్చిందని, అందుకే స్వరోచి అన్న పేరు కలిగిందని కథ.